ఆటోనగర్ షెడ్డులో మా మనవరాలి ఆదివారాలు

మా మనవరాలు తొమ్మిదో తరగతి. జూన్ నుంచి ప్రతి ఆదివారం గాజువాక ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డుకి వెళ్తోంది. హైస్కూల్ పిల్లలకి చేతిపని నేర్పే క్లబ్బు అది. బయట బోర్డు లేదు. పిల్లలు దాన్ని షెడ్డు అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. ఉన్న 24 మందికే బెంచీలు చాలడం లేదు, పేరు పెట్టి రాయొద్దండీ అని అక్కడి మాస్టారు అడిగారు. మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక వైపు పిల్లల్ని పంపుతున్న ఇంట్లో ఎవరిని అడిగినా దారి చెప్తారు.

నేను షిప్‌యార్డులో 34 ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. కాబట్టి ఈ రివ్యూ పనివాడి కళ్లతో చూసి రాస్తున్నది. షెడ్డు అందంగా ఉందా, ఏసీ ఉందా అని నేను చూడలేదు.

ఫీజు కట్టే ముందు రెండు గంటలు కూర్చుని చూస్తానన్నాను. దానికేం, కూర్చోండి అని మాస్టారు స్టూలు వేశారు. ముందుగా ఇనుముని అరగదీసే ఆకురాళ్ల వైపు చూశాను. మేం ఫైలు అనే అంటాం. గోడకి వరసగా తగిలించి ఉన్నాయి. పిడి లేనిది ఒక్కటి కూడా లేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పిడి ఊడిపోయిన ఫైలుతో పని చేస్తే దాని తోక అరచేతిలో దిగుతుంది. అలా దిగిన చేతులు నేను చూశాను. తర్వాత గ్రైండరు. రాయికీ, ముందు ముక్కని ఆనించే టూల్ రెస్టుకీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే పట్టుకున్న ముక్క ఆ సందులోకి లాక్కుపోతుంది, రాయి పగలొచ్చు కూడా. ఇక్కడ ఆ సందు సరిగ్గా ఉంది. కళ్లద్దాలు లేకుండా ఎవరూ దాని దగ్గరికి వెళ్లకూడదని పక్కన పెయింటుతో రాశారు, ఆ అద్దాలు దాని పక్కనే మేకుకి వేలాడుతున్నాయి. బీరువాలో పెట్టి తాళం వేసే చోట్లు నాకు తెలుసు. ఆఖరికి కరెంటు బోర్డు. 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ ఉంది, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి. టెస్ట్ బటన్ నొక్కి చూపించమన్నాను. టక్కున పడింది. అప్పుడు ఫీజు కట్టాను.

నెలకి 900 రూపాయలు. ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. మొదటి నాలుగు నెలలు అందరికీ ఫిట్టింగ్, తర్వాత నాలుగు నెలలు కరెంటు పని, ఆ తర్వాత ప్లంబింగ్ గానీ టూవీలర్ మెకానిజం గానీ పిల్లలు కోరుకున్నది. నేర్పేవాళ్లు ముగ్గురు. అంటే ఎనిమిది మందికి ఒకరు. ఈ లెక్క ముఖ్యం. ముక్కని బిగించే వైస్ ముందు నిలబడ్డ పిల్ల మోచెయ్యి ఎలా కదులుతోందో చూడాలంటే అంతకన్నా ఎక్కువ మందిని ఒక మనిషి చూడలేడు.

మా మనవరాలికి మొదటి రోజు ఇచ్చింది అరచేతిలో పట్టే ఇనప ముక్క. మందం 10 మిల్లీమీటర్లు, గ్యాస్ కట్టింగ్‌లో వచ్చిన ముక్క, అంచులు గరుగ్గా ఉన్నాయి. ఒక అంచుని ఆకురాయితో చదును చెయ్యాలి, అంతే. అది మూడు ఆదివారాలు పట్టింది.

చదును చెయ్యడం చూసేవాళ్లకి రుద్దడంలాగే ఉంటుంది. అసలు కిటుకు రెండు చేతుల బరువులో ఉంది. ఆకురాయిని ముందుకి తోసేటప్పుడు మొదట ముందు చేతి మీద బరువు ఎక్కువ ఉండాలి, మధ్యకి వచ్చేసరికి రెండు చేతుల మీదా సమానం కావాలి, చివరికి వెనక చేతి మీదకి మారాలి. ఈ మార్పు కుదరకపోతే ఆకురాయి ఉయ్యాలలా ఊగుతుంది. అప్పుడు రెండు కొనలూ అరిగిపోయి ముక్క మధ్యలో వీపులా ఉబ్బుతుంది. కొత్తవాళ్లందరికీ ఉబ్బుతుంది. నాకూ ఉబ్బింది, నలభై ఏళ్ల కిందట.

రెండో ఆదివారం నేను వెళ్లేసరికి మా మనవరాలి ముక్కకి ఆ వీపు వచ్చేసి ఉంది. మాస్టారు వెనక నిలబడి చూస్తున్నారు గానీ ఏమీ అనడం లేదు. నా నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. పిల్ల తనంతట తనే, అంచు తిన్నగా ఉందో లేదో చూసే మూలమట్టం తీసి అంచు మీద పెట్టి ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూసింది. రెండు కొనల దగ్గరా వెలుతురు సన్నగా కనబడుతోంది, మధ్యలో లేదు. "మాస్టారూ, మధ్యలో ఎత్తుగా ఉంది" అంది. "ఎందుకమ్మా?" అన్నారాయన. ఆలోచించింది. "చెయ్యి ఊగుతోంది." అప్పుడు వచ్చి మోచెయ్యి పట్టుకుని రెండు సార్లు తోయించారు. సుద్దముక్క ఇచ్చి ఆకురాయి మీద రుద్దమన్నారు, పళ్ల మధ్య ఇనప రజను ఇరుక్కోకుండా. అంతే, పక్క బెంచీకి వెళ్లిపోయారు.

ఈ షెడ్డుకి నేను మంచి మార్కులు వేస్తున్నది ఇందుకే. తప్పు జరుగుతున్నప్పుడు చూస్తూ ఉండి, అది పిల్లకే కనబడేదాకా ఆగి, కనబడ్డాక మాత్రమే చెప్పే మాస్టారు దొరకడం కష్టం. ముక్క పాడైతే ఇంకో ముక్క ఇస్తారు, తిట్టరు. పాడైన ముక్కల్ని ఒక డబ్బాలో వేసి నెలాఖరున పిల్లల చేతే బయటికి తీయిస్తారు, ఎవరిది ఎక్కడ పోయిందో వాళ్ల నోటితోనే చెప్పాలి. మూడో ఆదివారం మా పిల్ల ముక్కకి మూలమట్టం పెడితే వెలుతురు అస్సలు రాలేదు. ఆ ముక్క ఇప్పుడు మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. తుప్పు పట్టకుండా వారానికోసారి నూనె రాస్తోంది.

ఇక్కడ చేర్చే ముందు ఇంకో సెంటరు చూశాను. ఎక్కడ అన్నది వద్దు. ఏడాదికి 18,000 అన్నారు. రోబోటిక్స్ అన్నారు. లోపల టేబుళ్లు తెల్లగా మెరుస్తున్నాయి, పిల్లలకి ప్లాస్టిక్ కిట్లు ఇచ్చారు. పుస్తకంలో బొమ్మ ప్రకారం ఒక్కొక్కటీ తగిలిస్తే చిన్న బండి తయారవుతుంది, బటన్ నొక్కితే పరిగెడుతుంది. మంచిదే, నేను కాదనను. కానీ క్లాసు అయ్యాక అవన్నీ ఊడదీసి మళ్లీ పెట్టెలో సర్దేశారు. ఒక బాబు వైరు తప్పు తగిలించాడు. నేర్పే అమ్మాయి గబగబా వచ్చి తనే సరిచేసేసింది. తప్పు ఎక్కడుందో ఆ బాబు చూడనే లేదు. చాలా స్కూళ్లలో 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం పెట్టిస్తున్న అటల్ టింకరింగ్ ల్యాబులున్నాయి, ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లలకి. అక్కడ త్రీడీ ప్రింటర్లు, సెన్సార్లు ఉంటాయి. మా పిల్ల స్కూల్లో ఆ ల్యాబ్ లేదు. ఉన్నా ఈ షెడ్డుకి పంపేవాణ్ణే.

కరెంటు పని మొదలయ్యాక నాకు బాగా గుర్తుండిపోయినది పక్కింటావిడ ఇస్త్రీ పెట్టె సంగతి. ముట్టుకుంటే షాక్ కొడుతోందని ఆవిడ మూలన పడేసింది. మనవరాలు అడిగి తీసుకుని షెడ్డుకి పట్టుకెళ్లింది. ఆ రోజు నేనూ వెళ్లాను.

అక్కడ ఒక సిరీస్ బోర్డు ఉంటుంది. 100 వాట్ల పాత గుండు బల్బు ఒకటి, దాని పక్కన సాకెట్. సాకెట్లో ఏం పెట్టినా కరెంటు ముందు బల్బు గుండా వెళ్లాలి. లోపల తీగ తెగిపోయి ఉంటే బల్బు వెలగదు. షార్టయితే నిండుగా వెలుగుతుంది. ఏ రిపేరు షాపులో చూసినా ఈ బోర్డు ఉంటుంది. మా పిల్ల ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టింది. బల్బు బాగానే వెలిగింది. "షార్టు, మాస్టారూ" అంది ధీమాగా.

మాస్టారు ప్లగ్గు తీయించి, చేతికి మల్టీమీటరు ఇచ్చారు. రెండు పిన్నుల మధ్య చూడమన్నారు. 70 ఓములు చూపించింది. "పెట్టె మీద ఎంత రాసి ఉంది?" 750 వాట్లు. "అయితే 750 వాట్ల పెట్టెకి ఎన్ని ఓములుండాలో లెక్క కట్టు." సుద్దతో బల్ల మీదే కట్టింది. 230 ఇంటూ 230, భాగించు 750. డెబ్భై పాయింట్ అయిదు. అలాగే 100 వాట్ల బల్బుకి కట్టమన్నారు, 529 వచ్చింది. పిల్ల రెండు అంకెల వైపూ చూస్తూ కాసేపు నిలబడిపోయింది. "అంటే పెట్టె బాగున్నా బల్బు ఇలాగే వెలుగుతుందా?" అంది. అవును. ఇంట్లో వచ్చే 230 వోల్టుల్లో 200 పైచిలుకు బల్బే తీసేసుకుంటుంది, ఇస్త్రీ పెట్టె వాటాకి 27 దాకా మిగులుతాయి. అందుకని బల్బు కొంచెం మసకబారుతుంది, అంతే. ఆ తేడా కంటికి ఆనదు. అందుకే ఎక్కువ వాట్ల సామాను విషయంలో బల్బుని నమ్మకూడదు. ఈ సంగతి తెలియక బాగున్న కాయిల్ మార్చేసి డబ్బులు తీసుకునే మెకానిక్కులు ఉన్నారు.

"తాతా, ఇది మా ఫిజిక్స్‌లో వచ్చే లెక్కే" అని నా వైపు తిరిగి చెప్పింది. ఆ లెక్కకి స్కూల్లో నాలుగు మార్కులు తెచ్చుకున్న పిల్లే. దాని వెనక ఒక బల్బూ ఒక ఇస్త్రీ పెట్టే ఉంటాయని ఆ రోజే తెలిసింది.

మరి షాక్ ఎందుకు? పిన్నుకీ పెట్టె బాడీకీ మధ్య మీటరు పెడితే అసలేమీ చూపించకూడదు. కుయ్యిమని కూసింది. విప్పి చూస్తే, వైరు లోపలికి వెళ్లే చోట రబ్బరు తొడుగు ఎండి చిట్లిపోయి ఉంది. ఫేజు తీగ పైతొక్క ఒరుసుకుపోయి రాగి బాడీకి తగులుతోంది. ఆకుపచ్చ ఎర్త్ తీగని అంతకు ముందు ఎవరో కత్తిరించి లోపలికి మడిచేశారు. ఎర్త్ ఉండి ఉంటే ఫేజు బాడీకి తగిలిన క్షణమే ఫ్యూజు పోయేది, మనిషికి తగిలేది కాదు. ఎవరో తొందరలో తెంపిన ఆ తీగ వల్ల ఆవిడ ప్రాణం మీదకి వచ్చి ఉండేది. మాస్టారు పిల్లలందర్నీ పిలిచి ఆ తెగిన తీగ చూపించారు. పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. చేత్తో పట్టుకుని చూడమన్నారు, ఒకరి తర్వాత ఒకరు.

కొత్త మూడు తీగల వైరు, కొత్త తొడుగు, మొత్తం 140 రూపాయల సామాను. మాస్టారు దగ్గరుండి మళ్లీ పరీక్ష చేశాకే ఇంటికి తెచ్చింది. పక్కింటావిడ రెండు వేళ్లతో భయంభయంగా ముట్టుకుని "ఏటమ్మా, నిజంగా నువ్వే బాగు చేసినావా?" అంది.

హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, 2014 అక్టోబరు 12న, మా వీధిలో స్తంభాలన్నీ నేలకూలాయి. కరెంటు రావడానికి రోజులు పట్టింది. వచ్చాక కూడా ఇళ్లల్లో తడిసిన బోర్డులు, కాలిపోయిన వైర్లు. ఎలక్ట్రీషియన్ కోసం జనం ఎంత తిరిగారో వైజాగ్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అప్పుడు మా వీధిలో ఇంజినీరింగ్ చదివిన కుర్రాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. స్విచ్ బోర్డు విప్పడానికి ధైర్యం చేసినవాడు ఒక్కడు, ఐటీఐ కుర్రాడు. ఎవరినీ తక్కువ చేసి చెప్పడం లేదు. వాళ్లకి ఎవరూ చేతికి టెస్టరు ఇవ్వలేదు.

కెరీర్ గురించి చెప్పే భాగం ఈ షెడ్డులో బలహీనంగా ఉంది, ఇది దాచకూడదు. నెలకి ఒకసారి బయటివాళ్లని పిలిచి మాట్లాడిస్తారు. ఒకాయన గంటసేపు కలలు కనండి, లక్ష్యం పెట్టుకోండి అని చెప్పి వెళ్లిపోయారు. పది తర్వాత ఏ దారులున్నాయో ఒక్క ముక్క చెప్పలేదు. ఇంటర్‌ ఎంపీసీ తప్ప ఇంకేమీ వినని తల్లిదండ్రులు వెనక కూర్చుని ఉన్నారు. వాళ్లకి కావలసింది ఇది: ఐటీఐలో ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ ట్రేడులు రెండేళ్లు, వెల్డరు ఏడాది. పాలిటెక్నిక్ కావాలంటే పదయ్యాక పాలిసెట్ రాయాలి, డిప్లొమా మూడేళ్లు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐటీఐ అయినవాళ్లకి 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పెద్ద కంపెనీల్లో స్టైపెండ్‌తో శిక్షణ ఉంటుంది. ఐటీఐ, పాలిటెక్నిక్ రెండూ మన కంచరపాలెంలోనే ఉన్నాయి. ఇది పది నిమిషాల మాట. తర్వాతి నెల నేనే లేచి చెప్పాను, మాస్టారు బోర్డు మీద రాశారు. ఇద్దరు తండ్రులు ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు.

తీసుకెళ్లి చూపించే విషయంలో మాత్రం మంచి తెలివి ఉంది. డిసెంబరులో ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌కి తీసుకెళ్లారు. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన 91 మీటర్ల ఓడ అది, 2002 నుంచి మ్యూజియం. వైజాగ్ పిల్లలందరూ ఎప్పుడో ఒకసారి దాన్లోకి ఎక్కి దిగినవాళ్లే. ఈసారి మాస్టారు ఒక షరతు పెట్టారు. ఫొటోలు కాదు, ఒక్కొక్కరూ ఒక్క వాల్వు ఎంచుకుని దాని బొమ్మ గీసి, అది దేన్ని ఆపుతుందో, ఎటు పోనిస్తుందో గైడుని అడిగి రాయాలి. నలభై నిమిషాల్లో తిరిగొచ్చేస్తారనుకున్నాను, రెండు గంటలు పట్టింది. మా పిల్ల గీసిన వాల్వు చక్రానికి ఆకులు లెక్కపెట్టి మరీ గీసింది.

ఇంకో ఆదివారం నన్నే మాట్లాడమన్నారు. రోజూ సింధియా జంక్షన్లో బస్సెక్కే పిల్లలకి ఆ పేరు ఎక్కడ్నుంచి వచ్చిందో తెలియదు. 1941లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఇక్కడ ఓడల యార్డు మొదలుపెట్టిందనీ, స్వాతంత్ర్యం వచ్చాక 1948 మార్చిలో జలఉష అనే ఓడ ఇక్కడ్నుంచే నీళ్లలోకి దిగిందనీ, నెహ్రూ గారు వచ్చారనీ చెప్పాను. ఆ ఓడలో ప్రతి ప్లేటునీ ఎవరో ఒకరు చేత్తో గీసి, కోసి, సరిచేసినవాళ్లేనని చెప్పాను. ఒక బాబు చెయ్యెత్తి "వాళ్లకీ మధ్యలో ఉబ్బేదా తాతగారూ?" అని అడిగాడు. ఉబ్బేదనే చెప్పాను.

లోపాలు ఇంకా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది బాత్రూము. ఆడపిల్లలు ఏడుగురు ఉంటే షెడ్డులో ఉన్నది ఒకటే, దానికి గడియ సరిగ్గా పడేది కాదు. మా కోడలు మొదటి నెలలోనే "మావయ్యగారూ, ఇలాగైతే పంపను" అంది. తను అన్నదాంట్లో తప్పేముంది? నలుగురు తల్లులు కలిసి వెళ్లి అడిగాక అక్టోబరులో వేరేది కట్టించారు. జూన్‌లోనే ఉండాల్సింది. సామాను ఖర్చు మూడు నెలలకి 600 అని చెప్పి, మధ్యలో 850 చేశారు, ముందుగా ఒక్క మెసేజ్ పెట్టలేదు. ఆటో నడుపుకునే తండ్రికి ఆ 250 కూడా లెక్కే. ఒక బాబుకి హాక్సా బ్లేడు తెగి వేలు కోసుకుంటే ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఎండిపోయిన టింక్చరు, పాత దూది తప్ప ఏమీ లేవు. నేను ఆర్‌సీసీబీ చూశాను గానీ ఆ పెట్టె తెరిచి చూడలేదు. మీరు చూడండి. ఇప్పుడు కొత్త పెట్టె ఉంది, నెలకోసారి పిల్లలే తెరిచి సరిచూస్తారు.

వెల్డింగ్ నేర్పడం లేదని కొందరు తల్లిదండ్రులకి అసంతృప్తి. చూపిస్తారు, నల్లద్దం ఇచ్చి దూరంగా నిలబెడతారు, రాడ్డు మాత్రం చేతికివ్వరు. పద్నాలుగేళ్ల పిల్లలకి అదే సరైన పద్ధతి, నేను మాస్టారి వైపే.

సర్టిఫికెట్ ఇస్తారు గానీ దానికి ఎక్కడా విలువ లేదు, ఆ మాట చేరేరోజే చెప్పేస్తారు. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని రాశారు. మా పిల్ల ఆ మూడు తరగతులూ దాటేసింది, ఒక్క రోజు కూడా పంపలేదు. అందుకే ఈ ఆదివారాలకి నా దగ్గర ఇంత విలువ.

వచ్చే ఏడాది పదో తరగతి కదా, మాన్పించేద్దామా అని మా అబ్బాయి అడుగుతున్నాడు. పదో తరగతి పిల్లలకి డిసెంబరు నుంచి సెలవిచ్చి, పరీక్షలయ్యాక మిగిలిన క్లాసులు పూర్తి చేయిస్తామని మాస్టారు చెప్పారు. ఇంట్లో ఇంకా తేలలేదు. నేను మాత్రం కొనసాగించాలనే అంటున్నాను.

కొత్త బ్యాచ్ జూన్‌లో, స్కూళ్లు తెరిచిన రెండో ఆదివారం. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లనే కొత్తగా చేర్చుకుంటారు. తొమ్మిదింటికల్లా వెళ్లి రెండు గంటలు కూర్చుని చూడండి, కాదనరు. పిల్లలకి చెప్పులు కాదు, మూసి ఉన్న బూట్లు వేసి పంపండి. జడ పైకి ముడిచి కట్టాలి, చున్నీ వద్దు. మా పిల్ల మొదటి రోజు వేసుకెళ్లిన చున్నీ గ్రైండరు వైపు వెళ్లకముందే మాస్టారు తీయించి, కళ్లద్దాల పక్క మేకుకి తగిలించారు.